సముద్రం చూద్దామని వెళ్ళి రైళ్ళు చూసొచ్చాం

నేను ఇక్కడ రాసేవి చదివి, అరకు రైలు గురించి వారానికి రెండు మూడు మెయిళ్ళయినా పంపుతారు. ఏ పక్క కిటికీ దగ్గర కూర్చుంటే లోయ బాగా కనిపిస్తుంది, సొరంగాలు ఎన్ని, బొంగు చికెన్ ఎక్కడ తినాలి. అడిగేవాళ్ళంతా కింది నుంచి పైకి వచ్చేవాళ్ళే. పైన ఉండేవాళ్ళకి కూడా సెలవులుంటాయని, వాళ్ళకీ సముద్రం చూడాలని ఉంటుందని ఎవరికీ తోచినట్టు లేదు. ఈమధ్య మాత్రం డుంబ్రిగుడ మండలంలో నాలాంటి టీచర్లే ఇద్దరు, బడి పిల్లల్ని విశాఖపట్నం తీసుకెళ్ళి అక్కడ ఒక్క రోజే ఉండి సముద్రం చూపించి తీసుకురావడం అవుతుందా అని అడిగారు. అవుతుంది. కానీ ఎలా కాకుండా పోతుందో కూడా నాకు బాగా తెలుసు. పదేళ్ళ కిందట, 1998 మే నెలలో, మా కుటుంబం మొదటిసారి సముద్రానికి వెళ్ళిన సంగతి రాస్తున్నాను. చదివి, మేము చేసిన పని మాత్రం మీరు చేయకండి.

ఆ ఏడాది నేను ఏడో తరగతి పరీక్ష పాసయ్యాను. మా ఇంట్లో అంతకు ముందు బడికి వెళ్ళినవాళ్ళే లేరు కాబట్టి, పిల్ల పాసయితే ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. అమ్మ కోడిని కోసింది. నాన్న "ఏటి కావాల?" అని అడిగాడు. సముద్రం కావాలన్నాను. దానికి కారణం ఉంది. మా ఆశ్రమ పాఠశాల తెలుగు వాచకంలో సముద్రం గురించి ఒక పాఠం ఉండేది. ఆ పాఠం చెప్పిన మాస్టారు కూడా ఒడ్డున నిలబడి చూశాడే తప్ప నీళ్ళలోకి దిగలేదట. హాస్టల్లో నా పక్కన పడుకునే బుద్రికి నేను మాట ఇచ్చాను, తల మునిగేదాకా సముద్రంలో మునిగి, లోపల ఎలా ఉంటుందో వచ్చి చెప్తానని. చూసి రావడం కాదు, మునిగి రావడం. నాన్న రైల్వేలో గ్యాంగ్‌మేన్, అంటే పట్టాలు బాగుచేసే మనిషి. కుటుంబానికి ఉచితంగా ప్రయాణించే పాసు ఉన్నా అప్పటిదాకా ఒక్కసారి కూడా వాడుకోలేదు. మూడు రోజుల సెలవు పెట్టాడు. అందులో రావడానికి ఒక రోజు, పోవడానికి ఒక రోజు తీసేస్తే సముద్రానికి మిగిలేది సరిగ్గా ఒక్క రోజు.

ఇక్కడ మా ఇంటి జబ్బు ఒకటి చెప్పాలి. మా కొండల మీదుగా విశాఖపట్నం దిగే కిరండోల్ లైను మీద ఇనుప రాయి మోసే గూడ్సు బళ్ళు రాత్రీ పగలూ తిరుగుతాయి. పట్టా మీద పనిచేసేవాడు బండి వస్తే పక్కకు తప్పుకుని ఊరికే నిలబడకూడదు. అది వెళ్తున్నంతసేపూ చక్రాలు చూడాలి. పెట్టె కింద ఏదైనా ఊడి వేలాడుతోందా, ఇరుసు దగ్గర పొగ వస్తోందా, నిప్పురవ్వలు రాలుతున్నాయా. ఏమీ లేకపోతే చివరి పెట్టెలో ఉండే గార్డుకి బాగుందని చెయ్యెత్తి చూపాలి. ఇదంతా డ్యూటీ. మా నాన్నకి డ్యూటీ దిగిపోయాక కూడా ఇదే డ్యూటీ. మా ఇల్లు లైనుకి బాగా దగ్గర. ఒక మనిషి ఒక పక్కే చూడగలడు కదా, రెండో పక్క ఎవరు చూస్తారని ఆయనకి దిగులు. అందుకని పెళ్ళయిన కొత్తలో అమ్మని నిలబెట్టాడు, నాకు ఆరేళ్ళు వచ్చాక నన్ను నిలబెట్టాడు. రైలు వస్తే మిగతా పిల్లలు పెట్టెలు లెక్కపెడుతూ గంతులు వేస్తారు. నేను లెక్కపెట్టబోతే "పైన ఏటున్నాది? కింద సూడు గుంటా, కింద!" అని కేక. చిన్నప్పుడు నేను చూసిన వేల బళ్ళలో దేనికీ పైభాగం ఎలా ఉండేదో నాకు గుర్తులేదు.

అరకులో సాయంత్రం నాలుగు దాటాక కిరండోల్ నుంచి వచ్చే పాసింజరు ఎక్కాం. విశాఖపట్నం చేరేసరికి తొమ్మిది అవుతుంది. ఇప్పటికీ దాదాపు అదే వేళ, టికెట్టు ఇరవై రూపాయల పైన ఉంటుంది. ఎదురుగా గూడ్సు వచ్చినప్పుడల్లా మన బండిని ఏదో ఒక స్టేషన్లో పక్కన పెట్టేస్తారు. అలా ఆగిన ప్రతిచోటా నాన్న ప్లాట్‌ఫారం మీదకు దిగిపోయాడు, నన్ను కిటికీ దగ్గర కాపలా పెట్టాడు. మా పెట్టెలో అరకు చూసి తిరిగి వెళ్తున్న పట్నం వాళ్ళు సొరంగం వచ్చినప్పుడల్లా గట్టిగా అరిచి నవ్వుకుంటున్నారు. ఒకావిడ నా వైపు వంగి, "పాపా, సొరంగాలు లెక్కపెడుతున్నావా?" అని ముద్దుగా అడిగింది.

"లేదండి, చక్రాలు చూస్తున్నాను" అన్నాను.

ఆవిడ కాస్త అవతలికి జరిగి కూర్చుంది.

పట్నంలో మా బస అప్పలసామి మావయ్య దగ్గర. ఎనిమిదేళ్ళు నాన్నతో ఒకే గ్యాంగులో పనిచేసి, కొండ మలేరియా పడలేక కిందికి బదిలీ చేయించుకున్న మైదానం మనిషి. నాన్నకి వచ్చిన తెలుగంతా ఆయన దగ్గర నేర్చిందే. ఇంట్లో ఒడియా కలిసిన మా మాటే మాట్లాడినా, పట్నంలో దిగాక నాన్న గొప్పకోసం మాతో కూడా ఆ తెలుగే మాట్లాడాడు. మావయ్య అప్పుడు హార్బరుకి వెళ్ళే లైను మీద ఒక గేటు దగ్గర గేట్‌మేన్. అతని గదికీ పట్టాకీ మధ్య దూరం పదడుగులు ఉంటుందేమో. అది చూసి నాన్న ముఖం వెలిగిపోయింది. నాన్న ముఖం చూసి అమ్మ ముఖం మాడిపోయింది.

తెల్లవారి ఆరింటికి నేను తల దువ్వుకుని, మునిగాక కట్టుకోవడానికి ఇంకో గౌను సంచిలో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. అక్కడి నుంచి ఆర్కే బీచికి సిటీ బస్సులో మనిషికి రెండు రూపాయలు, ఆటో అయితే మొత్తం ముప్పై, అరగంట కూడా పట్టదు. నాన్న పళ్ళు తోముకుంటూ గేటు వైపు చూశాడు.

"ఒక్క బండి సూసి బయల్దేరదుమా?" అన్నాడు.

ఒక్క బండి వచ్చింది. రాయితో నిండిన బండి, మా వైపు నుంచి దిగినదే. నాన్న ఈ పక్క, నేను ఆ పక్క. అది వెళ్ళిపోయాక నాన్న కదలకుండా హార్బరు వైపే చూస్తూ నిలబడ్డాడు. "నిన్న మన ఇంటి ముందునుంచి ఎల్లినాదే ఇది. ఇన్నేళ్ళుగా పంపుతున్నాను. ఎక్కడికి పోతన్నాదో ఇయ్యాల సూసినాను" అన్నాడు. పన్నెండేళ్ళ పిల్లకి ఆ మాటలోని బరువు తెలియదు. నాకు తెలిసిందల్లా టైము ఏడయిందని. ఏడున్నరకి ఇంకోటి వచ్చింది. తర్వాత హార్బరు నుంచి ఖాళీది. తర్వాత ఎరువుల బస్తాలది. గేటు పక్కన బండి మీద ఇడ్లీ అమ్మే ఆవిడ దగ్గర, ప్లేటు నాలుగు రూపాయలు, టిఫిను తిన్నాం. చెట్నీ వడ్డిస్తూ ఆవిడ "ఏటమ్మా, కొండ మీద నుంచి రైలు గేటు సూడ్డానికి దిగినారేటి?" అంది. 

అప్పలసామి మావయ్యకి మాత్రం పండగలా ఉంది. ఆయన నులక మంచం వాల్చుకుని కూర్చుని, "బావొచ్చినాడు, నాకు ఇయ్యాల సెలవే" అన్నాడు.

అమ్మ ఆయన మీద పడింది. "అన్నా, నువ్వయినా సెప్పు. రైలు సూడ్డానికే అయితే మా ఇంటికాడ కూకుని సూత్తుం గదా. ఇంత దూరం దేనికి?"

"నా మాట ఇంటాడా సెల్లీ? గ్యాంగులో ఉన్నప్పుడు ముద్ద నోటికాడ ఆపేసి లేసిపోయేవోడు. బండెల్లాక సూత్తే సద్దన్నం కుక్క తినేసేది."

"మరి అది కూడా సక్రాలు సూసుకుంటూ కూకుంటాదేటి?" అంది అమ్మ. మావయ్య నవ్వలేక మంచం పట్టుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. పది, పదకొండు, పన్నెండు. మావయ్య చేపల పులుసు వండాడు, అద్భుతంగా ఉందని అమ్మ అంది. నేను సంచిలోంచి గౌను తీసి మడత మార్చి మళ్ళీ పెట్టాను. అలా నాలుగు సార్లు పెట్టాను.

మూడు దాటాక అమ్మే రోడ్డు మీదకు వెళ్ళి ఆటో పిలుచుకొచ్చింది. బీచి గేటుకి అవతల వైపు. అమ్మా నేనూ ఎక్కి కూర్చున్నాం. ఆటో లైను దాటి అవతల ఆగింది. నాన్న, ఇంటి నుంచి తెచ్చిన పసుపు పొట్లం మావయ్యకి ఇవ్వడం మరిచాడట, అది ఇచ్చి నడిచి వస్తానన్నాడు. ఇవ్వడానికి ఎంతసేపు పడుతుంది? అంతలో గంట మోగింది, గేటు పడింది. నాన్న అటు, మేము ఇటు. హార్బరు వైపు నుంచి మూడు ఇంజిన్లు కనిపించాయి. లైను అవతల నుంచి నాన్న రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు.

"ఖాళీ బండి! మన వైపెల్తాది! అటుపక్క నువ్వు సూడు!"

దిగి నిలబడ్డాను. కానీ వీపు తిప్పి నిలబడ్డాను. నా వెనక పెట్టెలు ఒక్కొక్కటే గడగడమని పోతున్నాయి. నేను సముద్రానికి వెళ్ళే రోడ్డు వైపు చూస్తూ, పళ్ళు కొరుకుతూ, పొద్దున్నించి పడ్డదంతా తలచుకున్నాను. అమ్మ ఆటో అబ్బాయితో బేరం తేల్చుకుంటోంది, నన్ను చూడలేదు. చప్పుడు పలచబడ్డాక ఇటు తిరిగాను. చివరి పెట్టె వచ్చింది. గార్డు నా వైపే వంగి ఉన్నాడు. అలవాటు కొద్దీ నా చెయ్యి లేచింది. బాగుందన్నట్టు. ఆయన కూడా పచ్చ జెండా ఊపి, నవ్వి, వెళ్ళిపోయాడు.

గేటు లేచాక నాన్న పరుగున వచ్చి ఎక్కాడు. "బాగున్నాదా?"

"బాగున్నాది."

ఆయన ఆటో అబ్బాయిని పోనివ్వమన్నాడు.

నాలుగు దాటాక బీచిలో దిగాం. సముద్రాన్ని వర్ణించమని నన్ను అడగకండి, వాచకంలో ఉన్నదానికంటే బాగా చెప్పలేను. ఒకటి మాత్రం చెప్తాను. మా కొండల్లో ఎటు చూసినా చూపుకి అడ్డంగా ఏదో ఒకటి ఉంటుంది. అక్కడ ఏమీ లేకపోయేసరికి అమ్మ నా భుజం పట్టుకుంది. తర్వాత దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకుని, ఉమ్మేసి, "ఇన్ని నీళ్ళుండి ఏటి నాభం!" అంది. నాన్న రెండు రూపాయలకి మూరీ మిక్చరు, అంటే ఉల్లిపాయ కలిపిన మరమరాలు, కొన్నాడు. అది అమ్మే ముసలాయన నన్ను చూసి, "ఆ పక్కకి పోకండి, గుంజేత్తాది. ఇక్కడ ముణగండి, సెయ్యి వొగ్గీకండి" అని చోటు చూపించాడు. అమ్మ చెయ్యి పట్టుకుని మోకాళ్ళ దాకా దిగాను. కాళ్ళ కింద ఇసక జారిపోతోంది. మూడు అలలు వదిలేసి నాలుగోది రాగానే మునగాలని నిర్ణయించుకున్నాను. ఒకటి పోయింది. రెండు పోయింది.

అప్పుడు గుర్తొచ్చాడు గార్డు. ఆయన నవ్వింది నా చెయ్యి చూసి. నేను చూశాననుకుని. ఆ బండి ఇప్పుడు కొత్తవలస వైపు పోతూ ఉంటుంది. ఆ తర్వాత శివలింగపురం, ఆ పైన కొండ ఎక్కే ఘాటు, సొరంగాలు. పొద్దుపోయాక మా ఇంటి ముందునుంచి వెళ్తుంది. అప్పుడు మా ఇంటి దగ్గర చూసే దిక్కు కూడా లేదు, ముగ్గురం ఇక్కడే ఉన్నాం. నా పక్కన ఏదైనా వేలాడి ఉంటే? మూడో అల వచ్చి పోయింది. నాలుగోది వస్తుంటే అమ్మ "ముణుగు, ముణుగు" అంటోంది. నేను వెనక్కి తిరిగి ఒడ్డు మీద ఉన్న నాన్నని పిలిచాను.

"నాన్నా, నాను సూడనేదు."

"ఏటి?"

"గేటుకాడ బండి. ఈపు తిప్పినాను."

ఆయన నీళ్ళ అంచుదాకా వచ్చాడు. "గార్డుకి సెయ్యెత్తినావు గదా" అన్నాడు.

"ఎత్తినాను."

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే సరిపోయేది, కొట్టించుకుని మునిగేదాన్ని. ఆయన మిక్చరు పొట్లం మడిచి జేబులో పెట్టుకుని, "పద. గేటుకాడ ఫోనున్నాది" అన్నాడు.

అమ్మ గొంతు చించుకుంది. "ఏటి పద? గుంట ఇంకా మునగనేదు! నువ్వెల్లి సెప్పు, మాం ఇక్కడే ఉంటాం."

"సూడనిది అది. అదే సెప్పాల. నాను సెప్తే అది నా మాటవుద్ది, నాకేటి తెలుసు ఆ పక్క సంగతి?"

"ఒక్క అల, నాన్నా" అన్నాను.

"బండి ఆగి లేదు గదమ్మా" అన్నాడు. కోపంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టే అన్నాడు. ఎవరూ నన్ను చెయ్యి పట్టి లాగలేదు. నేనే నడిచి బయటికి వచ్చాను. ఈ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మమ్మల్ని దింపిన ఆటో ఇంకా అక్కడే ఉంది. "ఏటి మావా, సముద్రం నచ్చనేదా? టీ కూడా తాగనేదు, అప్పుడే ఎనక్కొచ్చీసినారు" అని నవ్వాడు అబ్బాయి. మళ్ళీ ముప్పై. గేటు దగ్గర అప్పలసామి మావయ్య సంగతి విని మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. "నీకు బుర్రుందా బావా? ఆ పక్క సూడ్డం నీ డ్యూటీ కాదు, గుంట డ్యూటీ అసలే కాదు. సెలవు మీదున్నోడివి! ఇది ఫోనులో సెప్తే, నీ గేటుకాడ పిల్లలు జెండా ఊపుతున్నారేటని నన్నడుగుతారు. నా ఉద్యోగం సంగతేటి?"

"నీ పేరు సెప్పకు. గుంట మాటాడతాది. సదువుకున్నాది గదా" అన్నాడు నాన్న. గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. మావయ్యకి ఆయన సంగతి తెలుసు. ఓ పది నిమిషాలు తిట్టి, తర్వాత ఫోను తీసి స్టేషను మాస్టరుతో "ఒక పాప మాట్లాడతాదట, ఇనండి సార్" అని నా చేతికి ఇచ్చాడు. నా జీవితంలో అది మొదటి ఫోను. వాచకంలో ఉన్నట్టు మాట్లాడాలనుకున్నాను.

"నమస్కారమండి. నేను ఇందాక వెళ్ళిన ఖాళీ బండికి ఎడమ పక్క చూడలేదండి. చూసినట్టు గార్డు గారికి చెయ్యి ఎత్తానండి."

 అవతల ఎవరినో ఏదో అడుగుతున్న చప్పుడు. "తర్వాతి స్టేషన్లో రెండు పక్కలా చూశారమ్మా. బాగానే ఉంది. ఎవరి పిల్లవి నువ్వు?"

మావయ్య చటుక్కున ఫోను లాక్కుని పెట్టేశాడు.

అంతే. అంతకు మించి ఏమీ లేదు. ఏ బండికీ ఏమీ కాలేదు, ఎవరూ నన్ను మెచ్చుకోలేదు, ఎవరి ఉద్యోగమూ పోలేదు. రెండు పక్కలా చూసేవాళ్ళు తర్వాతి స్టేషన్లో ఎప్పుడూ ఉంటారట. అంటే ఆ రోజు పొద్దున ఆరింటి నుంచి నేను నిలబడ్డ ప్రతి బండికీ నేను అవసరమే లేదు. నాన్నకి అదేమీ పట్టలేదు. ఆయనకి ఆకలి వేసింది, రెండు పూటల అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కుని, "పోదుమా మళ్ళీ, ముణుగుదువు?" అన్నాడు. అప్పటికే పొద్దు వాలింది. అమ్మ ఒక్క చూపు చూసింది, ఆయన మళ్ళీ అడగలేదు. మర్నాడు పొద్దున ఏడింటిలోపు మా పాసింజరు. బడి తెరిచాక బుద్రి "లోపల ఎలాగుంటాదే?" అని అడిగితే, "తెలీదు, మోకాళ్ళ దాకానే" అన్నాను. ఏదో ఒకటి కల్పించి చెప్పి ఉండవచ్చు. ఆ వేసవిలో అబద్ధం ఆడే ఓపిక నాలో మిగల్లేదు.

తర్వాత టీచరు ట్రైనింగుకి విశాఖపట్నంలో ఉన్న రెండేళ్ళలో ఎన్నోసార్లు మునిగాను. లోపల ఏమీ ఉండదు. చెవుల్లో హోరు, కళ్ళల్లో మంట, తలలో రెండు రోజుల దాకా ఇసక. నాన్న మీద కోపం మాత్రం చాలా ఏళ్ళు ఉండేది. ఇప్పుడు కోపం వేరే దారిన వస్తుంది. బడిలో నేను కళ్ళతో చూడని దాని మీద సంతకం పెట్టమని కాగితం ముందు పెడతారు, అందరూ పెట్టేస్తారు, నా చెయ్యి మాత్రం లేవదు. వెళ్ళి చూసి వచ్చి పెడతాను. దానివల్ల నాకు నిజాయితీపరురాలని పేరేమీ రాలేదు, పని నానుస్తుందని వచ్చింది. ఇంటికి వెళ్ళి విసుక్కుంటే నాన్న వింటాడు, తల ఊపుతాడు, అంతలో బండి చప్పుడు వినిపిస్తే లేచిపోతాడు. రిటైరయి రెండేళ్ళయింది. నేను రెండో పక్కకు వెళ్తాను. ఆ మే నెల తర్వాత ఇన్నేళ్ళలో ఆయన నన్ను కింద చూడమని ఒక్కసారి కూడా కేకేయలేదు. నేను బాగుందంటే బాగున్నట్టే, చెయ్యి ఎత్తేస్తాడు. నేను చూడలేదని నా అంతట నేను చెప్పినందుకే ఆ నమ్మకం వచ్చిందని ఆయన ఎప్పుడూ అనలేదు. అనే మనిషి కాదు.

పిల్లల్ని తీసుకెళ్ళే టీచర్లకి ఒక్క సూచన. రాత్రికి స్టేషను దగ్గరే ఎక్కడైనా పడుకుని, పొద్దున్నే మొదటి బస్సుకి బీచికి వెళ్ళి, ముందు పిల్లల్ని చెయ్యి పట్టుకుని ముంచి తీయండి. చుట్టాలు, టిఫిన్లు, ఫొటోలు ఏవైనా ఆ తర్వాతే. ఆటో ఎక్కాల్సి వస్తే మాత్రం, పది రూపాయలు ఎక్కువైనా సరే, రైలు గేటు లేని దారిలో తీసుకెళ్ళమని అడగండి.